ఖాళీగా ఉన్నది మేం కాదు

"ఇంట్లో ఖాళీగా ఉండే ఆడవాళ్ళే కదా, పొద్దున్నే ఓ గంట పార్కులో మొక్కలు చూసుకోమనండి."

ఈ మాట మీరూ వినే ఉంటారు. కాలనీ మీటింగులో ఎవరో పెద్దమనిషి అని ఉంటారు. వాకింగ్ ముగించుకుని బెంచీ మీద కూర్చున్న బాబాయిగారు అని ఉంటారు. మన ఇంట్లోనే, పేపరు మడిచి పక్కన పెడుతూ, ఎవరో ఒకరు అని ఉంటారు. అన్నవాళ్ళకు చెడ్డ ఉద్దేశం ఉండదు. పైగా మనకేదో గౌరవం ఇస్తున్నామనే అనుకుంటారు. నాకు మాత్రం ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. ఎందుకో ఇవాళ వివరంగా రాస్తాను. కాస్త పొడుగవుతుంది, పొయ్యి మీద ఏమన్నా ఉంటే దించి వచ్చి చదవండి.

ముందే ఒక సంగతి చెప్పేస్తాను. నలుగురూ తిరిగే చోట మొక్కలు పెంచే పనికి నేను వ్యతిరేకిని కాను. నేనూ చేస్తాను. మా చిట్టమూరులో సిటీల్లో లాగా గేటూ, టికెట్టూ, ఫౌంటెనూ ఉన్న పార్కు కాదు గానీ, మా వీధి చివర ఉమ్మడి జాగాలో కంపచెట్లు కొట్టించి నలుగురైదుగురం కలిసి పెంచుకున్న తోట ఉంది. వేప, కానుగ, పొగడ, నందివర్ధనం, గన్నేరు. పిల్లలు ఆడుకుంటారు, ముసలివాళ్ళు కూర్చుంటారు. ఆ పని నాకు ఇష్టం. నా గొడవ ఆ పని మీద కాదు. మన ఇష్టాన్ని చూపించి, చెయ్యాల్సినవాళ్ళు చేతులు దులుపుకోవడం మీద.

ఆ "ఖాళీ" లెక్క ముందు తేల్చుకుందాం. ఎవరు రోజులో ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారో కేంద్ర ప్రభుత్వం సర్వే చేయిస్తుంది. 2024 లెక్కల ప్రకారం మన దేశంలో జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు సగటున రోజుకు 289 నిమిషాలు ఆ పనిలో ఉంటున్నారు. మగవాళ్ళు 88 నిమిషాలు. అంటే మనవి నాలుగు గంటల నలభై తొమ్మిది నిమిషాలు, వాళ్ళది గంటన్నర కూడా కాదు. పిల్లల్నీ పెద్దల్నీ చూసుకునే పని ఇందులో చేరలేదు, అది వేరే లెక్క. అందులో మనవి 137 నిమిషాలు, మగవాళ్ళవి 75. ఇంత పని చేసే మనిషిని "ఖాళీగా ఉంది" అనాలంటే, ముందు ఆ పనిని పని కాదనుకోవాలి. అసలు తిరకాసు అక్కడే ఉంది. ఇంట్లో పనిని పని కాదనుకున్నవాళ్ళకు పార్కులో పని కూడా పనిలా కనిపించదు. అక్కడ కూడా దానికి "ప్రేమ", "సేవ", "ఆడవాళ్ళకు అబ్బిన విద్య" అని పేర్లు పెడతారు. పేరు ఎంత తియ్యగా ఉంటే జీతం అంత తక్కువ, గమనించారా?

మొక్కల పని ఎలాంటిదో, దూరం నుంచి చూసేవాళ్ళ కోసం చెబుతాను. మొక్క నాటడం పది నిమిషాల పని. గుంత ముందే ఎవరో తీసి ఉంచుతారు, మొక్క ముందే ఎవరో తెచ్చి పెడతారు, వచ్చినాయన నాలుగు గుప్పెళ్ళ మట్టి వేసి, చెంబుతో నీళ్ళు పోసి, ఫోటో దిగి వెళతారు. ఆ తరవాతే అసలు కథ. మా తీరం నేల ఇసుక. పోసిన నీళ్ళు సాయంత్రానికి ఆనవాలు ఉండవు. బోరు వేస్తే కొన్ని చోట్ల ఉప్పు తగులుతుంది. మే నెల గాలికి లేత ఆకు అంచులు మాడిపోతాయి. మొక్క తన వేరు తాను దించుకుని నిలబడటానికి రెండు మూడు ఎండాకాలాలు మనిషి చెయ్యి కావాలి. ఈలోపు మేకలు వస్తాయి. కంచె కట్టాలి, కట్టిన కంచె ఎవరో పొయ్యిలోకి లాక్కుపోతే మళ్ళీ కట్టాలి. వానలు పడితే వయ్యారిభామ మోకాలెత్తు లేస్తుంది, పీకితే కొందరికి చేతులు దద్దుర్లు. గడ్డిలో పురుగూ పుట్రా. ప్లాస్టిక్ గ్లాసులు, గుట్కా పొట్లాలు, ఇంకా నేను రాయలేనివి కొన్ని. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మా వైపు కురిసిన వానకు నీళ్ళు నిలిచిపోతే, కాలువ తీసి వాటిని బయటికి పంపడం కూడా తోటపనే.

పది నిమిషాల పని చేసినవాళ్ళ ఫోటో పేపర్లో వస్తుంది. మూడేళ్ళ పని చేసినవాళ్ళ పేరు ఎవరికీ తెలీదు. మనకిది కొత్తా? విందులో వంట బాగుందని మెచ్చుకునేవాళ్ళు వందమంది ఉంటారు, గిన్నెలు తోమినావిడ పెరట్లో ఉంటుంది. దేశంలో వనమహోత్సవం మొదలై 75 ఏళ్ళు దాటింది. 1950లో అప్పటి కేంద్ర మంత్రి కె.ఎం. మున్షీ మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఏటా నాటుతూనే ఉన్నాం. నాటిన లెక్క ప్రతి ఏడూ ఘనంగా చెబుతారు. బతికిన లెక్క ఎవరు చెబుతారు?

ఖమ్మం జిల్లా వనజీవి రామయ్యగారి గురించి మనందరికీ తెలుసు. జీవితమంతా విత్తనాలు ఏరి, మొక్కలు నాటి, మెడలో "వృక్షో రక్షతి రక్షితః" అన్న బోర్డు వేసుకుని తిరిగిన మనిషి. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 ఏప్రిల్లో వెళ్ళిపోయారు. ఆయనకు రెండు చేతులా నమస్కారం. అయితే ఆయనతో పాటు ఆ పనిలో నడిచిన భార్య పేరు మీలో ఎంతమందికి తెలుసు? జానమ్మ. నేను ఆయన్ని తప్పుపట్టడం లేదు. మనం ఎవరి పేరు గుర్తుపెట్టుకుంటామో, ఎవరి పేరు "వాళ్ళావిడ" అని సరిపెడతామో చెబుతున్నాను.

ఇప్పుడు నన్ను ఇది రాయించిన సంగతి. మాకు దూరపు చుట్టమైన ఒకావిడ ఒక పట్టణంలో ఉంటుంది. ఊరి పేరు రాయను, ఆఫీసు పేరూ రాయను. వాళ్ళ కాలనీ పార్కులో పొద్దున్నే ఊడ్చి, నీళ్ళు పెట్టి, ఎండుకొమ్మలు కొట్టే మనిషి ఒకామె ఉండేది. కూలి తక్కువే, అయినా నెలనెలా వచ్చేది. ఆ కాలనీలో పదిహేనుమంది ఆడవాళ్ళు ఉత్సాహంగా చేరి తోట బాగుచేశారు. మందారాలు, కనకాంబరాలు, చుట్టూ క్రోటన్లు. మూడు నెలల్లో పార్కు కళకళలాడింది. అందరూ మెచ్చుకున్నారు. నాలుగో నెలలో ఆ పనిమనిషిని రావద్దన్నారు. వీళ్ళు వెళ్ళి అడిగితే వచ్చిన జవాబు: "మీరు చేస్తా ఉండారు గదమ్మా, ఇంక మనిషెందుకు?"

మళ్ళీ చదవండి. పదిహేనుమంది మంచి మనసుతో చేసిన పని, పదహారో ఆడమనిషి అన్నం గిన్నె మీద పడింది. ఆమెకూ పిల్లలున్నారు. ఆమెకు ఆ పార్కు కాలక్షేపం కాదు. మనం ఇష్టంగా చేసే గంట, ఆమెకు బియ్యం డబ్బులు.

పోనీ, పార్కు అయినా బాగుందా? అదీ లేదు. మార్చి వచ్చింది, పిల్లల పరీక్షలు. సగంమంది ఆగిపోయారు. ఏప్రిల్ చివర బడులకు సెలవులు, పిల్లల్ని తీసుకుని పుట్టిళ్ళకు వెళ్ళారు. పెళ్ళిళ్ళు, ప్రయాణాలు, ఊరగాయలు. మొక్కకు నీళ్ళు ఎక్కువ కావలసిన నెలలోనే చేతులు లేవు. జూన్‌లో తిరిగి వచ్చేసరికి కనకాంబరాలు పుల్లలైపోయాయి. అప్పుడు అదే నోళ్ళు "ఆడవాళ్ళ పని ఇంతే, మూడు రోజుల ముచ్చట" అన్నాయి. ఇందులో ఆడవాళ్ళ తప్పేముంది? మొక్కకు ఒక పంచాంగం ఉంది, సంసారానికి ఒక పంచాంగం ఉంది. రెండూ మే నెలలో కలవవు. అందుకే రోజూ వచ్చే మనిషి ఉండాలి, ఆ మనిషికి జీతం ఉండాలి. స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళు ఆ మనిషికి తోడు కావాలి గానీ, ఆ మనిషికి బదులు కాకూడదు. నేను చెప్పదలచుకున్నది మొత్తం ఈ ఒక్క మాటే.

"ప్రభుత్వం అన్నీ చెయ్యగలదా?" అంటారు. అన్నీ చెయ్యమనడం లేదు, రాసుకున్నది చెయ్యమంటున్నాం. 1992లో పార్లమెంటు చేసిన 74వ సవరణతో రాజ్యాంగానికి 12వ షెడ్యూలు వచ్చింది. పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగ్గ 18 పనులు అందులో ఉన్నాయి. పార్కులు, తోటలు, ఆటస్థలాలు ఆ పట్టికలోనివే. పల్లెల కోసం 73వ సవరణతో వచ్చిన 11వ షెడ్యూలులో సామాజిక వనాల పెంపకమూ, ఊరి ఉమ్మడి ఆస్తుల నిర్వహణా ఉన్నాయి. మన రాష్ట్రంలో లేఅవుట్ వేస్తే పది శాతం స్థలం అందరి కోసం ఖాళీగా వదలాలి. మనం ప్లాటు కొన్నప్పుడు ఆ స్థలం ఖరీదు కూడా మన గజాల ధరలో కలిసే ఉంటుంది. పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌కు ఇస్తే, బెంగళూరులో ఆ చుట్టుపక్కలవాళ్ళు కోర్టుకెళ్ళారు. 1991లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. అంటే పార్కు ఎవరో మనకు చేసిన ఉపకారం కాదు, మనకు రావలసినది.

తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టంలో ఒక మంచి పని చేశారు. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని రాసి, ఆ బాధ్యత సర్పంచి మీదా పంచాయతీ కార్యదర్శి మీదా పెట్టారు. అది ఎంతవరకు జరిగిందన్నది వేరే చర్చ. కానీ నాటిన లెక్క కాదు, బతికిన లెక్క ముఖ్యమని చట్టంలో రాయడం చిన్న విషయం కాదు.

ఇంకా దూరం చూస్తే, కెన్యాలో వంగారీ మాతాయి అనే ఆవిడ 1977లో పల్లెటూరి ఆడవాళ్ళతో మొక్కలు పెంచే ఉద్యమం మొదలుపెట్టింది. అందరూ ఆవిడ నాటిన కోట్ల చెట్ల గురించి చెబుతారు. నాకు నచ్చింది ఇంకోటి. బతికిన ప్రతి మొక్కకూ ఆ ఆడవాళ్ళకు కొంత డబ్బు ఇచ్చేవారు. చాలా చిన్న మొత్తమే. కానీ ఇచ్చేవారు. పేదరాలి చెమటకు "సేవ" అని పేరు పెట్టి ఊరుకోలేదు. 1989లో నైరోబీలోని ఉహురు పార్కులో అరవై అంతస్తుల మేడ కడతామని అక్కడి ప్రభుత్వం అన్నప్పుడు అడ్డుపడింది కూడా ఆవిడే. మంచి ఆడదైతే మగవాళ్ళ మాట విని నోరు మూసుకుని ఉంటుందన్నట్టు దేశాధ్యక్షుడే మాట్లాడాడు. ఆవిడ మూసుకోలేదు. మేడ లేవలేదు, పార్కు మిగిలింది. 2004లో ఆవిడకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

అమెరికాలో న్యూయార్క్ సెంట్రల్ పార్కు చూడండి. 1980లో పౌరులు ఒక సంస్థ పెట్టి ఆ పార్కును బాగుచేసుకున్నారు. స్వచ్ఛందంగా వచ్చి కలుపు తీసేవాళ్ళు అక్కడ చాలామంది. కానీ పార్కును భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగానికి జీతం తీసుకునే తోటమాలి బాధ్యుడిగా ఉంటారు. వచ్చినవాళ్ళు ఆ తోటమాలి చెప్పినట్టు చేస్తారు. అక్కడి తిరకాసు ఇంకోటుంది: ఆ పార్కు చుట్టూ ఉన్నవాళ్ళు ధనవంతులు, విరాళాలు పోటెత్తుతాయి. బీదవాళ్ళ పేటలో పార్కుకు ఆ భాగ్యం ఎక్కడిది? అంతా స్వచ్ఛందం మీదే వదిలేస్తే, తీరికా డబ్బూ ఉన్న వీధి పచ్చగా ఉంటుంది, కూలికెళ్ళే తల్లుల వీధి ఎండుతుంది. ఇది కూడా ఆలోచించండి.

కొందరు అక్కలు నాతో అన్నారు: "డబ్బు, హక్కు అని మాట్లాడితే ఆ పనిలో ఉన్న మంచితనం పోతుందే! మాకు నచ్చి చేస్తున్నాం, నీకేం బాధ?" నచ్చి చెయ్యండక్కా. నేనూ నచ్చే చేస్తున్నాను. ఆ గంటలో అత్తగారి బీపీ మాత్రా, పిల్లాడి ఫీజూ గుర్తురావు. ఇంటి గడప దాటి, ఏ పెళ్ళీ పేరంటం కారణం లేకుండా, నలుగురు ఆడవాళ్ళం ఒకచోట నిలబడే చోటు మనకు ఇంకెక్కడుంది? అది నిలవాలనే నేను చెప్పేది. ఆధారం లేని ఇష్టం ఒక ఎండాకాలానికి మించి నిలవదు.

"ఇంట్లో తులసికోటకు నీళ్ళు పోసే తీరిక లేదు గానీ ఊరి మొక్కలు కావాలట" అనే అత్తగార్లూ ఉన్నారు. వాళ్ళకు నా జవాబు మెత్తగానే ఉంటుంది. అత్తమ్మా, మీ మనవడు ఆడుకునేది ఆ నీడలోనే. రేపు మీరు కర్ర పట్టుకుని కూర్చునేదీ ఆ బెంచీ మీదే.

మనం నెల్లూరు వాళ్ళం. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు మా మండలం తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది గానీ, మా మాటా, మా పులుసూ నెల్లూరివే. ఈ నేల ఆడవాళ్ళు ఏం చేశారో ఒకసారి గుర్తుచేసుకోండి. అక్షరదీపం రోజుల్లో రాత్రిపూట బడులకు వెళ్ళారు. చదువు చెప్పినవాళ్ళు స్వచ్ఛందంగా చెప్పారు, నేర్చుకున్నవాళ్ళు పగలంతా కయ్యల్లో పని చేసి వచ్చి నేర్చుకున్నారు. అక్కడ చదువుకున్న సీతమ్మ కథ నుంచి సారా మాట వచ్చింది. 1992లో దూబగుంటలో రోశమ్మ, ఆమెతో ఊరి ఆడవాళ్ళూ సారా అంగడి మూయించారు. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది. ఆ రోజు వాళ్ళు "మా వంతు సేవ మేం చేస్తాం, మీ అంగడి మీరు నడుపుకోండి" అనలేదు. ఇష్టంగా మొదలైన పని అడగడం దాకా వెళ్ళింది. అడిగారు గనకే జరిగింది.

హైదరాబాదులో కేబీఆర్ పార్కు సంగతీ అంతే. 2016లో ఫ్లైఓవర్ల కోసం పార్కు చుట్టూ చెట్లు కొడతారని తెలిసినప్పుడు, అక్కడ రోజూ నడిచేవాళ్ళు వీధిలోకి వచ్చారు. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళి, చెట్ల నరికివేతకు అడ్డు పడింది. రోజూ ఆ చెట్టును చూసేవాళ్ళకే అది పోతుందంటే గుండె కలుక్కుమంటుంది. మనం పార్కులో పనిచేసేది కలుపు తీయడానికి మాత్రమే కాదు, రేపు నోరు విప్పడానికి కూడా.

అందుకే నేను అనేదేమిటంటే, ఈసారి ఎవరైనా పార్కు పనికి పిలిస్తే సరేననండి, కానీ షరతులు చెప్పండి.

మొదటిది నీళ్ళు. కుళాయి ఉండాలి, అందులో నీళ్ళు రావాలి. బిందెలు మోసే వయసు మాలో సగంమందికి దాటిపోయింది.

రెండోది మనిషి. జీతం తీసుకునే తోటమాలి ఉంటేనే మేం వస్తాం. మేం వచ్చామని ఆ మనిషిని తీసేస్తే ఆ రోజే మానేస్తాం. ఈ మాట కాగితం మీద రాయించుకోండి.

మూడోది మరుగుదొడ్డి, దీపం. ఆడవాళ్ళు పొద్దున్నే అయిదింటికి వచ్చి పనిచేసే చోట ఈ రెండూ లేకపోతే, అది పిలుపు కాదు, పరీక్ష.

నాలుగోది మాట చెల్లుబాటు. ఏ మొక్క పెట్టాలో నీళ్ళు పోసేవాళ్ళను అడగాలి. త్వరగా పచ్చగా కనబడాలని కోనోకార్పస్ చాలా ఊళ్ళ నిండా నాటారు, తరవాత అదే చెట్టు వద్దని కొన్నిచోట్ల కొట్టించారు. మా తీరంలో ఏం బతుకుతుందో ఇక్కడి ఏ అవ్వను అడిగినా చెబుతుంది: వేప, కానుగ, తాటి, సరుగుడు. ఇసుకనేలలో విదేశీ గడ్డి పరిచి రోజూ ట్యాంకరు నీళ్ళు పోయాలంటే, పోసేది ఎవరో ముందు తేల్చాలి.

అయిదోది మగవాళ్ళ వంతు. వాకింగుకు వచ్చే చేతులకు పారా పట్టుకోవడం రాదా? మగపిల్లలకు సెలవుల్లో వారానికి ఒకరోజు వంతు వెయ్యండి. ఇంట్లో చీపురు పట్టని కొడుకు పార్కులో పడితే, రేపు ఇంట్లో కూడా పడతాడని నాకో ఆశ.

ఆరోది లెక్క. నాటినవి ఎన్ని, బతికినవి ఎన్ని, ఎవరు ఎన్ని గంటలు పనిచేశారు. ఒక నోటుబుక్కు చాలు. పాలవాడి లెక్క, చీటీల లెక్క రాసేది మనమే కదా, ఇదీ రాయగలం. ఏడాది చివర ఆ లెక్క అందరి ముందూ చదవండి. శాలువా కప్పే సన్మానం కన్నా ఆ చదవడం ఎక్కువ పని చేస్తుంది.

ఇవి అడిగితే "ఈ ఆడవాళ్ళకు పొగరు" అంటారు, అననివ్వండి. అడగకుండా చేసినప్పుడు "ఖాళీగా ఉన్నారు" అన్నారు కదా. రెండిట్లో పొగరే నయం.

మీ వీధిలో పార్కో, బడి తోటో, గుడి పక్క జాగానో ఉంటే, అక్కడ రోజూ నీళ్ళు పోసే మనిషి ఎవరో, ఆమెకు ఎంత ఇస్తున్నారో, ఈ నెల ఇచ్చారో లేదో కనుక్కోండి. మొక్క నాటే ముందు అది అడగండి.